పలుకని కాటా



క్రిందటి మాసమున ఇన్వర్టరు బ్యాటరీకి నీరు పోయు విధమును ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వానకాలమునందు ఊరగాయజాడీలకు బూజు పట్టకుండ కాపాడు సంగతి వ్రాయనెంచితిని. కాని మా వీధిలో జరిగిన యొక విషయము నా మనస్సును విడువకున్నది. అది యొక యిల్లాలి మాటకును మర్యాదకును సంబంధించినది. దానికి మూలమో, కంప్యూటరుకు తగిలించు తొమ్మిదిసూదుల చిన్న ముక్క! కావున జాడీల నటుంచి దీనినే వ్రాయుచున్నాను.

మాది కొత్తపేట సమీపమున కాలువగట్టుననున్న గ్రామము. మా యింటికి నాలుగిండ్ల యవతలనున్న చిన్నకోడలు స్త్రీల పొదుపుసంఘపు టప్పుతో వీధియరుగుమీద పాలకేంద్రము పెట్టుకొన్నది. ఉదయసాయంకాలములు చుట్టుప్రక్కల యిండ్లనుండి గేదెపాలు వచ్చును. కాటామీద క్యాను పెట్టగానే దాని బరువు తనంతట కంప్యూటరు తెరమీద పడును. ప్రక్కనున్న యంత్రము వెన్నశాతమును చెప్పును. రెండును గూడి యెవరికెంత సొమ్ము రావలయునో చీటి వెలువడును. గుజరాతు సహకార పాలసంఘములలో 1990ల నాటినుండియే యిట్టి యేర్పాటు గలదు. అంకె మనుష్యుని చేతిమీదుగా పోదు గనుక తగవులు తక్కువ.

శ్రావణమాసపు తొలివారమున నొక యుదయము కాటా పలుకలేదు. కాటా ముఖముమీద అంకె కనబడుచునేయున్నది. తెరమీద మాత్రము సున్న; దాని క్రింద ‘పరికరము గుర్తింపబడలేదు’ అను మాట. వాకిట పాలక్యానులతో స్త్రీలు బారులుదీరి నిలిచిరి. పట్టణమునుండి యొక మెకానిక్కు వచ్చి, పావుగంట అవియు నివియు నొక్కి, “పోర్టు కాలిపోయినది. కాటాలోని బోర్డుకూడ చెడియుండును. రెండును క్రొత్తవి కొనవలయును, నలువదివేలగును” అని చెప్పి వెడలిపోయెను. కాటాను నమ్మరాదని యతడన్నందున ఆ చిన్నది దానిని మూలకుపెట్టి, లీటరు కొలపాత్రతో పాలు పోయించుకొని, పుస్తకమున చేతితో వ్రాసికొనసాగెను.

తొమ్మిదిదినములు గడచినవి. పదవనాడు సొమ్ము పంచవలయును. ఇంతలో నొకావిడ తన లెక్క సరిచూచుకొని, “ఎప్పటికన్న తక్కువ వచ్చుచున్నదేమి?” అనెను. ఒకరన్నమాట నలుగురు పట్టుకొనిరి. కాటా చెడినదనుట సాకేయనియు, చేతివ్రాతలో చేతివాటము కలదనియు నీళ్లరేవున గుసగుసలు పుట్టినవి. ఇంట అత్తగారు, “ఆ యంత్రమును ముట్టుకొన్నది నీవే గదటే! నీ చేతులే దానిని చెఱచినవి” యనిరి. ఆ సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి, “అక్కయ్యగారూ, నా గాజులు తాకట్టు పెట్టుటకు రేపు అమలాపురము పోదుననుకొనుచున్నాను. కాని యంత్రము కొన్నను, పోయిన మాట కొనలేనుగదా!” యని కన్నీరు పెట్టుకొన్నది.

మా యింట బడిపని నిమిత్తమొక కంప్యూటరున్నది. మా వారు లెక్కలు చెప్పు పంతులు. హైదరాబాదుననున్న మా అన్నయ్య సెలవులకు వచ్చినప్పుడెల్ల నాకు దాని మర్మములు కొన్ని నేర్పియుండెను. “గాజుల మాట రేపటికుంచుము, ముందుగా కాటాను నాలుగు ప్రశ్నలడిగి చూతము” అని చెప్పి, దీపములు పెట్టిన తరువాత ఆమె యింటికి వెళ్లితిని.

ఏమి చేసితినో చెప్పుటకు ముందు ఆ పోర్టనునది యేమో చెప్పవలయును. పోర్టనగా రేవు. కోటిపల్లిరేవున ముక్తేశ్వరమునకు పడవయెక్కునప్పుడు ఒడ్డునుండి పడవకు వేసిన బల్లమీద ఒకరి వెనుక నొకరుగా నడతుముగదా! అట్లే యీ రేవున అక్షరములు ముక్కలై, ఒక ముక్క వెనుక నొక ముక్కగా ఒకే తీగమీద నడచును. అందుకే సీరియల్ పోర్టు, అనగా వరుసరేవు, అని పేరు. ఇది తంతిపద్ధతికి వారసురాలు. మనదేశమున తంతివార్తలు 2013 జూలైలో నిలిచిపోయినను, ఆ పద్ధతి యీ రేవులో నింకను బ్రదికియున్నది. ముక్కల వేగమును కొలుచు ‘బాడ్’ అను మాట ఎమిల్ బోదో యను ఫ్రెంచి తంతియింజనీరు పేరునుండి వచ్చినదే. ఈ రేవుకు ఆర్.ఎస్.232 అను నిబంధనను 1960లో అమెరికావారు ఏర్పఱచిరి. మొదట ఇరువదియైదు సూదులుండెడివి, 1984లో ఐ.బి.ఎం.వారి యొక కంప్యూటరుతో తొమ్మిదిసూదుల ముక్క వాడుకలోనికి వచ్చెను.

1996లో యు.ఎస్.బి. వచ్చినపిమ్మట క్రొత్త కంప్యూటర్లలో నీ రేవు కరవైనది. కాని కాటాలు, బిల్లుయంత్రములు, ప్రయోగశాలల పరికరములు పెక్కు నేటికిని దీనితోనే మాటలాడును. వానిని క్రొత్త కంప్యూటరుకు తగిలించుటకు నడుమ నొక చిన్న మార్పిడిముక్క, అనగా కన్వర్టరు, పెట్టుదురు.

ఇక్కడనే యొక భేదమును మనమెల్లరము గుర్తుంచుకొనవలయును. యు.ఎస్.బి. వస్తువు సంప్రదాయమెఱిగిన యతిథివంటిది. గడపదాటగానే తన గోత్రప్రవరలు చెప్పుకొనును. ఫలానావాని యింట పుట్టినదానను, ఫలానా పనిచేయుదానను అని చెప్పగా కంప్యూటరు గుర్తించును. వరుసరేవున వచ్చునది ప్రవర చెప్పదు. తెలిసిన మాటలు మాత్రము పలుకును. వినువారు అదే రేవున, అదే వేగముతో చెవియొగ్గియుండవలయును. కావున ‘గుర్తింపబడలేదు’ అనిన, వచ్చినది చెడినదని యర్థము కాదు. వినువారికి మాట చేరలేదని మాత్రమే యర్థము. మార్పిడిముక్క యున్నచోట కంప్యూటరు గుర్తించునది ఆ ముక్కనే గాని, దాని వెనుకనున్న కాటాను గాదు.

అరణ్యపర్వమందలి నలోపాఖ్యానమును మీరు చదివియేయుందురు. కురూపియైయున్న బాహుకుని చూచి దమయంతి ‘ఇతడు నలుడు కాడు’ అని త్రోసివేయలేదు, అవునని తొందరపడనులేదు. కేశినిని పంపి మాట విన్నది, నీరు, నిప్పు లేకయే వంటచేయు నేర్పును గనిపెట్టించినది, వంటకమును రుచిచూచినది, బిడ్డలను పంపి చూచినది. ఒక పరీక్ష ముగిసినపిమ్మట మఱియొకటి. పలుకని యంత్రముతోడను అట్లే మెలగవలయును. నాలుగును ఒక్కసారి మార్చినచో ఏది మందో, ఏది విషమో తెలియదు.

ఆ రాత్రి నేను పెట్టిన మొదటి పరీక్ష కాటాకే. మూలనున్నదానిని తెప్పించి, తూకపురాయి పెట్టితిమి. ఐదుకిలోల రాయికి ఐదు చూపెను, పదికి పది. కావున కాటా సత్యమే పలుకుచున్నది. ఇది ముందుగా చేసియుండినచో దానిని మూలకుపెట్టు పనియే లేకపోవును.

రెండవది తీగ. ఉప్పుగాలి, వానతేమ గల మన సీమలో లోహపుసూదులకు చిలుము త్వరగా పట్టును. రాజోలుకు దిగువ సముద్రతీరపు గ్రామములలో మఱియును. అన్నిటికిని కరెంటు తీసివేసి, తీగను విప్పి చూచితిమి. సూదులు వంగలేదు గాని జిడ్డుగా నున్నవి. చిలుము పట్టకుండునని అత్తగారు కొబ్బరినూనె రాసిరట! నూనె దుమ్మును పట్టి సూదికిని రంధ్రమునకును నడుమ పొరగట్టును. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన మెత్తని కుంచెతో తుడిచి, ఆఱనిచ్చి, మరల తగిలించి, ఇరుప్రక్కల మరలు బిగించితిమి. తీగ యేబదియడుగులకు మించకుండుట మంచిది. మీఱినకొలది మాట బలహీనమగును. ఈ తీగలో నడచు విద్యుత్తు సాధారణముగా 15 వోల్టులకు లోబడినది గనుక భయపడ పనిలేదు. భయపడవలసినది గోడలోని 230 వోల్టులకే.

మూడవది కంప్యూటరుకు. డివైస్ మేనేజరు అను పట్టికలో ‘పోర్ట్స్’ అను శీర్షిక క్రింద రేవులన్నియు ‘కామ్’ అను మాటతోడను ఒక అంకెతోడను కనబడును. శీర్షికయే లేకున్నను, పేరుప్రక్క పసుపుపచ్చని గుర్తున్నను, మార్పిడిముక్కకు తగిన డ్రైవరు లేదని యర్థము. ఈ ముక్కలలో నకిలీవి పెక్కు గలవు. 2014లో ఎఫ్.టి.డి.ఐ. యను స్కాట్లండు సంస్థ విడిచిన డ్రైవరువలన దాని పేరుపెట్టుకొన్న నకిలీముక్కలు హఠాత్తుగా పనిమానినవి. అందుచే మరీ చౌకదానికి ఆశపడరాదు. మా చిన్నదాని కంప్యూటరులో శీర్షికయున్నది, పసుపుగుర్తు లేదు. ముక్కను ఊడదీయగా పట్టికలోని పేరు మాయమై, పెట్టగా మరల వచ్చినది. పేరు ‘కామ్ 7’.

పాలలెక్కల ప్రోగ్రాములో చూతుమా, అది ‘కామ్ 3’ యొద్ద కాచుకొని కూర్చున్నది! పడవ కోటిపల్లికి చేరగా మనవారు సఖినేటిపల్లి రేవున నిలిచి, “పడవ మునిగినది” అని యేడ్చినట్లున్నది. ఎట్లు మారినదని యడుగగా ఆమె జ్ఞాపకము చేసికొన్నది. ముందునాటి సాయంకాలము వరలక్ష్మీవ్రతమునకై అరుగు కడుగుచు ముక్కను తీసి, మరల వేఱొక రంధ్రమున పెట్టినదట. కొన్ని చౌకముక్కలకు తమకంటూ క్రమసంఖ్య యుండదు. అట్టిదానిని వేఱు రంధ్రమున పెట్టినచో విండోసు దానిని క్రొత్తదనుకొని క్రొత్త అంకె నిచ్చును. ఆమె చేసిన నేరమెల్ల నిదియే. దీనికి విఱుగుడు మూడు విధములు: ముక్కను పాతరంధ్రమునకే మార్చుట, ప్రోగ్రాములో అంకె మార్చుట, లేదా పోర్టు గుణముల పుటలో ‘అడ్వాన్స్‌డ్’ అనుచోట పాత అంకెనే మరల ఇచ్చుట. మేము ప్రోగ్రాములో 7 అని మార్చితిమి.

అప్పుడు తెరమీద అంకెకు బదులు అర్థములేని పిచ్చి గుర్తులు పడినవి! “పూర్తిగా పాడైనది” అని అత్తగారు నుదురు కొట్టుకొనిరి. నాకు మాత్రము సంతోషము కలిగెను. ఏలయన, గుర్తులు వచ్చుచున్నవన్న త్రోవ బాగున్నది, రేవు బాగున్నది. మాట చేరుచున్నది, వేగము మాత్రము కలియలేదు. పాడునది ద్రుతమున పాడుచుండగా మద్దెలవాడు విలంబమున వాయించినచో ఏమగును? కాటాతో వచ్చిన చిన్నపుస్తకమును వెదకించితిని. బియ్యపుడబ్బా వెనుక దొరకెను. అందు ‘9600, 8, పారిటీ లేదు, 1’ అని యున్నది. అనగా సెకనుకు 9600 ముక్కల వేగము, అక్షరమునకు ఎనిమిది ముక్కలు, తప్పుపట్టు ముక్క లేదు, ముగింపునకొకటి. ఆరంభపు ముక్కతో గూడి అక్షరమునకు పది గనుక సెకనుకు 960 అక్షరములు. ప్రోగ్రాములో 2400 అని యున్నది. ఆమె యెన్నడు దానిని తాకలేదు. పావుగంట అవియు నివియు నొక్కినప్పుడు మారియుండును. 9600 అని దిద్దగానే తెరమీద 5.00 అని చక్కగా పడినది. వాకిట నిలిచి చూచుచున్న పిల్లలు చప్పట్లు కొట్టిరి.

పోర్టు నిజముగా కాలినదో లేదో తెలిసికొను పరీక్ష యొకటి గలదు. మాకు దాని యవసరము కలుగలేదు గాని మీకు పనికివచ్చును. కాటాతీగను తీసివేసి, కంప్యూటరువైపు ముక్కను ఐదుసూదుల వరుస పైకుండునట్లు మీకెదురుగా పట్టుకొనుడు. ఎడమనుండి రెండవసూది వినునది, మూడవది పలుకునది. ఆ రెంటిని సన్నని రాగితీగతో కలిపి, పుటీ యను ఉచిత ప్రోగ్రాములో ఆ కామ్ అంకెను తెఱచి, ఫ్లో కంట్రోలును ‘నన్’ అని యుంచి, ఒక అక్షరము కొట్టుడు. పలికినది తనకే వినబడి ఆ అక్షరము తెరమీద తోచవలయును. తీగ తీసినపిమ్మట కొట్టిన తోచరాదు. ఇట్లయినచో రేవు బాగున్నట్లే. దోషము తీగలోనో యవతలనో వెదకవలయును. తీగతో కలిపినను తోచనిచో ఆ ముక్కయో, దాని డ్రైవరో చెడియుండును. అప్పుడును మార్చవలసినది కొలదిరూపాయల ముక్కయే గాని కంప్యూటరు గాదు.

ఇంకను రెండు మాటలు. ఒక రేవును ఒకసారి ఒక్క ప్రోగ్రామే పట్టుకొనగలదు; మఱొకటి తెఱచియున్నచో ‘అనుమతి లేదు’ అనును. దానిని మూసిన చాలును. రెండవది, తీగలలో రెండుజాతులున్నవి. ఒకటి తిన్ననిది, మఱొకటి రెండవ, మూడవ సూదులను అడ్డముగా కలిపినది, దీనిని నల్ మోడెము తీగ యందురు. చూచుటకు అక్కచెల్లెండ్రవలె నుండును. ఒకదానిచోట నొకటి పెట్టినచో ఇద్దరును పలుకుదురు, ఎవరును వినరు.

కాటా పలికినది, కాని పోయిన మాట మిగిలియున్నది. తొమ్మిదినాళ్ల చేతిలెక్క యెందుకు తగ్గినది? ఆమె పుస్తకము తెచ్చి నా ముందుంచి, “ఒక్క చుక్కయైనను తగ్గించి వ్రాయలేదు, అక్కయ్యగారూ” అనెను. నేనామెను నమ్మితిని. కాని నమ్మకము లెక్క గాదు. మా వారిని పిలిపించి, లీటరు కొలపాత్రతో పాలు కొలిచి, పలుకనేర్చిన కాటామీద పెట్టించితిని. పదిలీటర్ల గేదెపాలు పదికిలోల మూడువందల గ్రాములు తూగినవి! నీటికన్న పాలు బరువు; లీటరు పాలు సుమారు 1.03 కిలో. పూర్వము కాటా కిలోలను చెప్పెడిది. ఈ తొమ్మిదినాళ్లు ఆమె లీటర్లను వ్రాసి, కిలోల ధరనే కట్టినది. దినమునకు పదిలీటర్లు పోయు యింటికి తొమ్మిదినాళ్లలో రెండుకిలోల ఏడువందల గ్రాముల పాలసొమ్ము తగ్గును. పైవారికి పంపిన పాలు కిలోలలోనే తూగినవి గావున ఆ మిగులు తెలియకుండనే ఆమె యొద్ద చేరినది. గుసగుసలాడినవారు తక్కువ వచ్చినదనుటలో పొరబడలేదు, దొంగతనమనుటలోనే పొరబడిరి.

ఆ రాత్రి కూర్చుండి మువ్వురమును పుస్తకములోని యంకెలన్నిటిని సరిదిద్దితిమి. మఱునాడు సొమ్ము పంచునప్పుడు ఆమె కొలపాత్రను, కాటాను ప్రక్కప్రక్కన పెట్టి, అందఱి యెదుట పాలుపోసి చూపి, “తప్పు నాది, దొంగతనము నాది గాదు” అని ఎవరి మిగులు వారికిచ్చినది. మొదట మాటయన్న యావిడయే ముందుగా చీటి పుచ్చుకొని, “రేపటినుండి సాయంకాలపు పాలుకూడ నీకే పోయుదు నమ్మా” యనెను. అత్తగారు ఏమియు ననలేదు గాని, సాయంకాలము కోడలికి కాఫీ తామే కలిపి యిచ్చిరని విన్నాను.

ఈ సంగతివలన నేను నేర్చుకొన్నది మీకును చెప్పుచున్నాను. యంత్రము పలుకనప్పుడు ‘చెడినది’ అనుట సులభము. ‘నీవే చెఱచితివి’ అనుట మఱియు సులభము. రెండును పరీక్షించిన పిమ్మట పలుకవలసిన మాటలు. ముందు పరికరమును ఒంటరిగా చూడుడు. పిమ్మట తీగ, పిమ్మట రేవు, దాని యంకె, దాని వేగము. ఒకసారి యొక్కటే మార్చుడు, మార్చినదెల్ల వ్రాసికొనుడు. అన్నియు చక్కగా పనిచేయుచున్న దినముననే కామ్ అంకెను, వేగమును, ముక్కపెట్టిన రంధ్రమును ఒక కాగితమున వ్రాసి కంప్యూటరు ప్రక్కన అతికించుడు. మెకానిక్కు వచ్చినచో ఏమి మార్చుచున్నాడో అడిగి ఆ కాగితము మీదనే వ్రాయించుకొనుడు. అడుగుట అమర్యాద కాదు. ఉరుములు మెఱుపులు గల వేళ కరెంటుతో పాటు ఈ తీగనుకూడ తీసివేయుడు. పిడుగుపాటున రేవులు నిజముగనే కాలును. తీసినదానిని తీసిన రంధ్రముననే పెట్టుడు.

ఆ చిన్నదాని గాజులు చేతులకే యున్నవి. కాగితము కాటా పైగోడకు అతికియున్నది. జాడీల బూజు సంగతి పై మాసమున.